తొమ్మిదెకరాలు, ఒక ట్రాక్టరు, నా ఎక్సెల్ షీటు

మా ఆఫీసులో ఎవరైనా కొత్త కారు కొంటే స్వీట్ల డబ్బా తెచ్చి కాఫీ మెషీను పక్కన పెడతారు. 2025 అక్టోబరులో నేనూ ఓ డబ్బా పెట్టాను. "ఏం కారు?" అన్నారు. ట్రాక్టరు అన్నాను. కాసేపు అందరూ నవ్వుకున్నాక, టీములో కొత్తగా చేరిన కుర్రాడొక్కడు మాత్రం "ఎందుకు సార్?" అని సీరియస్‌గానే అడిగాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర మూడు ట్యాబులున్న ఎక్సెల్ షీటు ఉంది. చివరి గడిలో సమాధానం కూడా ఉంది. "కొనొద్దు" అని.

అయినా ఎందుకు కొన్నామో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. గచ్చిబౌలిలో ఏసీలో కూర్చుని సేద్యం గురించి ఉపన్యాసాలు దంచేవాళ్ళంటే నాకూ చిరాకే. అంచేత నేను చూసినంత మటుకే చెప్తాను.

మాది అద్దంకి దగ్గర ఓ పల్లెటూరు. తొమ్మిదెకరాల నల్లరేగడి. మా నాన్నకి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ఎక్కువగా శనగ వేస్తాడు. శనగ ఎలా పండుతుందో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. మా వైపు దానికి నీళ్ళు పెట్టరు. వానాకాలంలో, అక్టోబరు వానల్లో నల్లరేగడి తాగి దాచుకున్న తేమ ఉంటుంది చూడండి, దాని మీదే పంట మొత్తం. వాన వెలిసిన వెంటనే చేలోకి దిగితే మట్టి కాళ్ళకి చెప్పుల్లాగా అంటుకుని పైకి రాదు, ట్రాక్టరైతే ఇరుసు దాకా కూరుకుంటుంది. మరీ ఆగితే పైన పెచ్చు కట్టి, నెర్రెలు విచ్చి, గొర్రు దిగదు. ఈ రెంటికీ మధ్య కొద్ది రోజులు మాత్రం నేల మెత్తగా, పొడిపొడిగా, విత్తనానికి సరిపోయే తడితో ఉంటుంది. దాన్నే పదును అంటారు. ఆ పదును దాటిపోతే మళ్ళీ వాన పడాలి, మళ్ళీ ఆరాలి. ఈలోపు అదును దాటిపోతుంది. ఆలస్యంగా వేసిన శనగ పూతకొచ్చేసరికి కింద తడి ఉండదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఊరంతటికీ వాన ఒకే రోజు పడుతుంది కాబట్టి పదునూ ఇంచుమించు ఒకేసారి వస్తుంది. ఏడాదిలో మూడొందల యాభై రోజులు రచ్చబండ దగ్గర ఎండకి ఎండే ట్రాక్టర్లు ఆ నాలుగైదు రోజులూ కంటికి కనపడవు. మన భాషలో చెప్పాలంటే, పండగ సేలు మొదలైన అర్ధరాత్రి అందరూ ఒక్కసారిగా సైటు మీద పడ్డట్టు. తేడా ఏంటంటే ఇక్కడ ఇంకో నాలుగు సర్వర్లు అద్దెకి తీసుకుందామంటే పక్క ఊళ్ళో కూడా అదే వాన.

మా చేలో పదిహేనేళ్ళుగా సేద్యం చేసేది బాబాయి ట్రాక్టరే. బాబాయి అంటే రక్తసంబంధం కాదు, ఊరి వరస. చిన్నప్పుడు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు (ఇప్పుడు మా పిల్లల్ని అలా కూర్చోబెడితే నేను ఒప్పుకోను, ఎంతమంది అలా జారి చక్రం కింద పడ్డారో తెలిశాక). ఆయన బండి చాలా పాతది. 2024 అక్టోబరులో వానలు పడి, వెలిసి, సరిగ్గా చేలు పదునుకొచ్చే రోజుల్లో దాని ఇంజను తెల్లపొగ చిమ్మి ఆగిపోయింది. మెకానిక్కు దగ్గర విప్పి పెట్టారు. మిగతా ట్రాక్టర్ల వాళ్ళు "మా ఖాతాలు అయ్యాక చూద్దాం" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకీ పదిహేనేళ్ళ బాబాయిలూ మావయ్యలూ ఉంటారు కదా. మొత్తానికి మా చేలో విత్తనం పడింది పదకొండు రోజులు ఆలస్యంగా. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళు దిగే చేను ఐదు దగ్గర ఆగిపోయింది.

ఈ సంగతి నాన్న నాకు చెప్పలేదు. ఫోనులో "బానే ఉందిరా" అనేవాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ చెప్పింది. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే లేచి, ట్రాక్టరున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేవాడట. "ఎవరింటికీ పోనోడు, టీ తాగడానికి పోయినట్టు పోయేవోడు" అంది అమ్మ.

ఆ రాత్రి నేనే కదిలించాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎద్దులున్నప్పుడు నేనెవర్నీ అడగలా" అన్నాడు. అంతే. మాకు 2009 దాకా ఒంగోలు జత ఉండేది. నేను ఉద్యోగంలో కుదురుకున్నాక, మేతకీ మనుషులకీ ఇబ్బందవుతోందని, "అమ్మేయ్ నాన్నా, ట్రాక్టర్‌కి డబ్బులు నేను పంపిస్తా" అని అమ్మించింది నేనే. అప్పట్లో అదో గొప్ప ఆప్టిమైజేషన్ అనుకున్నా.

సరే, హైదరాబాదు రాగానే ఎక్సెల్ తెరిచాను. మనకి తెలిసిన విద్య అదొక్కటేగా!

లెక్క చాలా సింపులు. వేసవి దుక్కి, రెండు మూడు గొర్రు పాట్లు, రోటవేటరు, విత్తనం, తర్వాత ఇంటికి తోలకం, అన్నీ కలిపి మేం ఏటా అద్దెకి కట్టేది అరవై వేల చిల్లర. 45 హెచ్‌పీ ట్రాక్టరు, దానికో రోటవేటరు కొంటే దగ్గర దగ్గర తొమ్మిది లక్షలు. మూడు చేతినించి పెట్టి ఆరు లక్షలు అప్పు చేస్తే, పది శాతం వడ్డీకి ఐదేళ్ళలో పది అర్ధసంవత్సరపు కిస్తీలు, ఒక్కోటీ డెబ్భై ఏడు వేల పైన. అంటే ఏడాదికి లక్షా యాభై అయిదు వేలు. డీజిలు, ఇన్సూరెన్సు, డ్రైవరు వేరే. అరవై వేల ఖర్చు తగ్గించుకోడానికి లక్షన్నర ఖర్చు! ఇలాంటి ప్రపోజలు మా మేనేజరు దగ్గరికి తీసుకెళ్తే మంచినీళ్ళిచ్చి పంపిస్తాడు.

ఇంకో కోణం. వ్యవసాయ ఇంజినీరింగు పుస్తకాల్లో ట్రాక్టరు ఖర్చు లెక్కేసేటప్పుడు మామూలుగా ఏడాదికి 1000 గంటల పని అనుకుంటారు. మా తొమ్మిదెకరాలకి ఎంత గీకినా అరవై గంటలు దాటట్లేదు. ఆరు శాతం! ఆరు శాతం వాడకం ఉన్న సర్వర్ని మనమైతే ఏం చేస్తాం? పీకేస్తాం.

కాకపోతే 2024 నష్టం కూడా ఓ గడిలో వేశాను. ఎకరానికి మూడు క్వింటాళ్ళు, తొమ్మిదెకరాలకి ఇరవై ఏడు. ఆ సీజనుకి శనగ మద్దతు ధర క్వింటాలు 5,650 రూపాయలు. లక్షా యాభై రెండు వేలు. చూశారా, అచ్చం ఒక ఏడాది కిస్తీ అంత! అయితే అలాంటి ఏడు ఏటా రాదు. ఐదేళ్ళకోసారి వస్తుందనుకుని సగటు వేస్తే మళ్ళీ షీటు "కొనొద్దు" అనే అంది. రెండేళ్ళకోసారి అని మార్చినా అదే మాట. నాకు కావలసిన సమాధానం వచ్చేదాకా అంకెలు మారుస్తున్నానని అర్థమై ల్యాప్‌టాప్ మూసేశా. (మా ఆఫీసులో ఎస్టిమేట్లు ఎలా తయారవుతాయో ఆ రోజు కొత్తగా అర్థమైంది :))

షీటుని గట్టెక్కించే దారి ఒక్కటే ఉంది. మన పని అయ్యాక మిగతా గంటలు ఊళ్ళోవాళ్ళకి అద్దెకి తిప్పడం. చిన్న కమతాల వాళ్ళు ట్రాక్టరు కొని నిలబడుతున్నారంటే అలాగే. కానీ ఊళ్ళో అద్దెకి తిప్పడమంటే బాబాయి పొట్ట మీద కొట్టడం. ఆ గడికి ఏ ఫార్ములా రాయాలో నాకు తెలీలేదు. దాన్నలా ఖాళీగా వదిలేసి, తేలిగ్గా ఉండే పనిలో పడ్డా. అదే, ఏ ట్రాక్టరు కొనాలన్నది.

అబ్బో, అదో మహాసముద్రం. నాలుగు నెలలు నా రాత్రిళ్ళన్నీ దానికే పోయాయి. ఒక చోట మొదలెడితే ఇంకో చోట తేలేవాణ్ణి. స్వరాజ్ అనేది దుర్గాపూరులోని కేంద్ర ప్రభుత్వ మెకానికల్ ఇంజినీరింగు పరిశోధన సంస్థ వాళ్ళ డిజైనుతో 1974లో పంజాబులో పుట్టిందనీ, 2007లో మహీంద్రా చేతికొచ్చిందనీ, మా చిన్నప్పటి హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల పింజోరు ఫ్యాక్టరీ మూసెయ్యాలని 2016లో నిర్ణయించారనీ, రోజూ బొంబాయి బస్సెక్కినప్పుడల్లా చూసే జహీరాబాదులోనే మహీంద్రా వాళ్ళ ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉందనీ... వీటిలో ఒక్కటి కూడా మా చేను దున్నదు. కానీ చదవకుండా ఉండలేం కదా.

పనికొచ్చింది మాత్రం బుధ్నీ రిపోర్టులు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున బుధ్నీ అనే ఊళ్ళో కేంద్ర ప్రభుత్వానిది ట్రాక్టర్లని పరీక్షించే సంస్థ ఉంది. (మనకి దగ్గర్లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా ఇలాంటి సంస్థే ఉంది.) కంపెనీ బ్రోచరులో రాసుకున్నది కాకుండా, వాళ్ళు ఇంజనుని బల్ల మీదకెక్కించి కొలిచినవి ఉంటాయి. వెనకున్న పీటీవో షాఫ్టు దగ్గర నిజంగా ఎంత శక్తి వస్తోంది, దానికి డీజిలు ఎంత తాగుతోంది, లిఫ్టు ఎన్ని కిలోలు లేపుతోంది, చివరికి డ్రైవరు చెవి దగ్గర ఎంత మోత పెడుతోంది, అన్నీ. రోటవేటరు తిప్పేది పీటీవో కాబట్టి మనకి కావల్సింది ఆ అంకె. బానెట్ మీద రాసిన హెచ్‌పీలో అందాజుగా ఎనభై ఐదు, తొంభై శాతం అక్కడికి చేరుతుంది. 45 అని రాసున్న రెండు బళ్ళు పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదానిలా ఉండదు. మహీంద్రా 575 ఇంజను నిమిషానికి 1900 చుట్లకి ఇచ్చే శక్తి, కుబోటా 4501 ఇంకా చిన్న ఇంజనుతో 2500 చుట్లకి ఇస్తుంది. మొదటిది నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటూ లాగే రకం. రెండోది చురుకు. ఏది గొప్ప అని అడిగితే ఊళ్ళో రెండు వర్గాలై కొట్టుకుంటారు, మన దగ్గర ఎడిటర్ల గురించి కొట్టుకున్నట్టు.

నా మనసు మాత్రం 50 దాటినవాటి మీదే ఉండేది. ఫోర్ వీల్ డ్రైవు, పెద్ద టైర్లు, చూడ్డానికే దర్జా. కానీ 50 హెచ్‌పీ దాటినవాటికి 2023 జనవరి నించి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. అంచేత వాటిలో చాలా వాటికి సెన్సార్లు, కామన్ రైలు, వాటి మీద ఓ కంట్రోల్ యూనిట్ వచ్చి చేరాయి. నేను సంబరపడి నాన్నకి చెప్పాను. "దీంట్లో కంప్యూటరుంది నాన్నా." "అది చెడిపోతే?" అన్నాడు. "కంపెనీ వాళ్ళు ల్యాప్‌టాప్ తెచ్చి చూస్తారు." "పదును రోజుల్లో వస్తారా?"

నాకు వెంటనే అమెరికా రైతుల గొడవ గుర్తొచ్చింది. అక్కడ సొంత ట్రాక్టరు సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నారు. సాఫ్ట్‌వేరు తాళం కంపెనీ చేతిలో ఉంటుంది. కొలరాడో రాష్ట్రం 2023లో దాని కోసం చట్టమే చేసింది. ప్రొడక్షన్ ఆగిపోయి, వెండరు సపోర్టుకి టికెట్ పెట్టి, "మా టీము చూస్తోంది" అన్న మెయిలు కోసం రాత్రంతా కాపలా కాసిన వాణ్ణి నేను. ఆ కాపలాకి నాన్నని పెట్టడం నాకిష్టం లేకపోయింది. 50 లోపే చాలనుకున్నాం. ఆరడుగుల రోటవేటరుకి, తొమ్మిది చెక్కల గొర్రుకి 45 బాగా సరిపోతుంది. ఫోర్ వీలు దమ్ము చేసే మాగాణి వాళ్ళకి బాగా పనికొస్తుంది గానీ, మాలాంటి మెట్టకి, పదునులోనే దిగేవాళ్ళకి, అదనపు లక్ష ఎందుకని దాన్నీ కొట్టేశాం. పట్టు చాలకపోతే వెనక టైర్లలో నీళ్ళు నింపుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ట్యూబులో నీళ్ళేంటని నేను నోరు తెరిస్తే నాన్న చాలాసేపు నవ్వాడు.

ఇంతలో ఆయన తన సర్వే తను చేశాడు. 2025 వేసవిలో వరసగా మూడు రోజులు మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కూర్చుని, వచ్చే పోయే ట్రాక్టర్లని రంగుల వారీగా సిగరెట్టు పెట్టె అట్ట మీద గీతలు గీశాడు. నాలుగో రోజు మెకానిక్కు షెడ్డు ముందు కూర్చుని అక్కడ ఆగున్నవి గీశాడు. ఎర్రవి రోడ్డు మీదా ఎక్కువే, షెడ్డులోనూ ఎక్కువే. "ఎక్కువ రిపేరుకొస్తున్నాయి కదా, అయితే ఎర్రది వద్దా?" అన్నాను కావాలనే. "ఊళ్ళో ఎక్కువున్నయ్యే ఆస్పత్రిలోనూ ఎక్కువుంటాయిరా. రోడ్డు మీద నాలుగే ఉండి, షెడ్డులో రెండున్నయ్ చూడు, అయ్యీ వద్దనుకోవాల్సినయ్యి" అన్నాడు. డేటా సైన్సు కోర్సుకి నలభై వేలు కట్టి నేను నేర్చుకున్నది ఇదే.

మెకానిక్కు ఇంకా సూటిగా చెప్పాడు. నా బుధ్నీ కాగితాలు పక్కన పెట్టి, ఒక్కో మోడలు పేరు చెప్తుంటే, "దీని ఫిల్టరు ఇక్కడే దొరుకుద్ది. దీనికి ఒంగోలు పోవాలి. దీనికి విజయవాడ నించి బస్సులో వేయించుకోవాలి" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. నా పద్దెనిమిది కాలమ్స్ ఆ ఒక్క కాలమ్ ముందు దిగదుడుపే. మేం చివరికి ఏ కంపెనీది కొన్నామో మాత్రం రాయను. రాస్తే మీలో సగం మంది నాతో మాట్లాడటం మానేస్తారు.

ఇహ వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఖాళీ గడి మిగిలింది. బాబాయికి ఎవరు చెప్పాలి?

"నువ్వే చెప్పు. ఎద్దుల్ని అమ్మించింది నువ్వేగా" అన్నాడు నాన్న. కోపంగా కాదు, మామూలుగానే.

2025 ఆగస్టులో ఓ సాయంత్రం వెళ్ళాను. బాబాయి పశువుల కొట్టం పక్కన తన బండి రేడియేటరు కడుగుతున్నాడు. ఊరన్నాక దాగుతుందా, నేను నోరు తెరవకముందే "ఎంత హార్స్ పవర్ది చూస్తున్నారు అబ్బయ్యా?" అన్నాడు. చెప్పాను. "డబల్ క్లచ్చి తీసుకో. రోటవేటరు తిరుగుతుండగానే గేరు మార్చుకోవచ్చు. ఆయిల్ బ్రేకులది చూడు. రోటవేటరు మరీ బరువుది తీసుకోబాక, మన నేలకి లిఫ్టు మీద భారం" అని, నేను అడక్కుండానే పది నిమిషాలు చెప్పాడు. నేను ఫోనులో రాసుకున్నా. తర్వాత పైపు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ, "అయితే మీ తొమ్మిదెకరాలు నాకు పోయినట్టేగా" అన్నాడు.

పదిహేనేళ్ళుగా మాట్లాడ్డమే నా ఉద్యోగం. క్లయింట్లకి, మేనేజర్లకి, కాంట్రాక్టు అయిపోయిందని చెప్పి కుర్రాళ్ళని ఇంటికి పంపేటప్పుడు కూడా ఏదో ఒక మాట దొరికేది. అక్కడ ఒక్కటీ దొరకలేదు. "అవును బాబాయ్" అన్నాను.

"పోనీలే. మీ నాన్న నిరుడు ఆ పదకొండు రోజులూ మా ఇంటి ముందుగా పోతా నా వంక చూళ్ళేదు. చూస్తే నేనెక్కడ బాధపడతానోనని" అన్నాడు.

మర్నాడు ఆయనే మా ఇంటికొచ్చాడు. నాన్నా ఆయనా అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నారు, నన్ను పిలవలేదు. తేలిందేంటంటే, ఆయన బండిని పైపైన అతుకేసి నడిపిస్తున్నారు, ఇంజను మొత్తం కట్టాలంటే లక్ష దాకా అవుతుంది. ఆయన అది అమ్మేస్తాడు. మా ట్రాక్టరు ఆయన నడుపుతాడు. గొర్రు, ట్రక్కు, విత్తే గొర్రు ఆయనవి ఉన్నాయి కాబట్టి మేం కొననక్కర్లేదు. మా చేను పని ముందు. మిగతా రోజులు ఊళ్ళో అద్దె ఆయనది, డీజిలూ ఆయనదే. మాకు మీటరు మీద గంటకి మూడొందలు. అంటే మన క్లౌడు వాళ్ళ బిల్లింగే, వాడుకున్నంతకే కట్టడం. ఏడాదికి నాలుగొందల గంటలు తిరిగితే లక్షా ఇరవై వేలు. కిస్తీకి తగ్గేది నేను జీతంలోంచి వేస్తాను. పెద్ద రిపేర్లు మావి, ఆయిలు, ఫిల్టర్లు ఆయనవి.

ఇందులో నాకు తెలియని మెలిక ఒకటుంది. దాన్ని బయటపెట్టిందీ బాబాయే. మేం కొనే బండి గంటల మీటరు గడియారం చూసి కాదు, ఇంజను చుట్లని బట్టి తిరుగుతుంది. పూర్తి వేగంలో గంట నడిస్తే గంట చూపిస్తుంది. ట్రక్కు కట్టుకుని తక్కువ వేగంతో నింపాదిగా పోతే, గంట నడిచినా అంత చూపించదు. "తోలకం పనికి మీటరు రేటు పెడితే నీకు నష్టం అబ్బయ్యా. ట్రక్కుకి రోజుకింతని వేరే రాసుకో" అన్నాడు. కాగితం మీద అలాగే రాసుకున్నాం. నేను చూసిన కాంట్రాక్టుల్లో అవతలి పక్షం తనకి లాభం తెచ్చే తప్పుని తనే చూపించింది ఇదొక్కటే.

షోరూముల సంగతి పెద్దగా చెప్పుకునేది కాదు. ఒక చోట ఆగస్టులోనే "ఈ నెలాఖరుకే ఈ రేటు, తర్వాత పెరుగుద్ది" అని తొందరపెట్టారు. జీఎస్టీ మారుస్తారని టీవీలో చూసిన అమ్మ "వినాయక చవితి దాకా ఆగండి" అని, చవితి వెళ్ళాక "దసరా దాకా ఆగండి" అని అడ్డం పడింది. సెప్టెంబరు 22 నించి ట్రాక్టర్ల మీద 12 శాతం నించి 5 శాతానికి తగ్గింది. మాకు యాభై వేలకి కాస్త అటూ ఇటూగా మిగిలింది. మా ఇంట్లో ఈ మొత్తం వ్యవహారంలో నికరంగా డబ్బు సంపాదించింది అమ్మొక్కతే. ఇంకో చోట బండి నచ్చి, అడ్వాన్సు తీయబోతుంటే, బాబాయి వంగి చాసిస్ దగ్గర రేకు మీద తయారీ నెల చదివాడు. పద్నాలుగు నెలల పాతది. టైర్లు కూడా ఎండకి నెర్రెలిస్తున్నాయి. "కొత్తదే సార్, స్టాకులో ఉంది" అన్నాడు అక్కడి కుర్రాడు. లేచి వచ్చేశాం. మీరెవరైనా కొంటే ఆ రేకు చూడకుండా సంతకం పెట్టకండి. హ్యాండ్లింగు చార్జీలని ఓ ముక్క చివర్లో కలుపుతారు, అది దేనికో అడగండి, సగానికి తగ్గుతుంది.

అక్టోబరు మొదటి వారంలో బండి ఇంటికొచ్చింది. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకం. స్టీరింగు ముందు ఎవరు పట్టుకోవాలన్న చర్చ వచ్చింది. నాన్న బాబాయిని కూర్చోమన్నాడు. బాబాయి నాన్నని కూర్చోమన్నాడు. నాన్నకి ట్రాక్టరు తోలడం రాదు. చివరికి నాన్న ఎక్కి సీట్లో ఊరికే కూర్చున్నాడు, ఒక నిమిషం, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి. దిగేటప్పుడు బానెట్‌ని చేత్తో రెండుసార్లు తట్టాడు. ఎద్దు మూపుని అలాగే తట్టేవాడు. నేను ఫోటో తియ్యలేదు, తియ్యాల్సింది.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకుంటున్నారేమో. రెండు వారాలకే బాబాయి అల్లుడికీ మాకూ తోలకం లెక్కల దగ్గర మాట పట్టింపొచ్చింది. ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. మొదటి కిస్తీ తేదీ నా ఫోనులో రోజూ కనపడుతూనే ఉంటుంది. మా ఆవిడ ఆ తొమ్మిది లక్షలు పిల్లాడి చదువు ఖాతాలో ఉండాల్సిందని ఇప్పటికీ అంటుంది, అందులో అబద్ధం లేదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మా వైపు వాన దంచికొట్టింది. చేలు చెరువులయ్యాయి, వాగులు పొంగాయి, ముందుగా శనగ వేసిన వాళ్ళ విత్తనం కుళ్ళిపోయింది. మేం ఇంకా వెయ్యకపోవడం అదృష్టమే. ఆ తర్వాత రోజూ ఒకటే ఫోను, "ఆరిందా?" "లేదు." "ఆరిందా?" "ఇంకా అంటుకుంటంది." నవంబరు రెండో వారంలో ఓ పొద్దున నేను స్టాండప్ కాల్‌లో ఉండగా ఫోను మోగింది. మ్యూట్ చేసి తీశాను. వెనకాల ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది.

"పదునొచ్చిందిరా" అన్నాడు నాన్న.

"మొదలెట్టారా? ఎన్నెకరాలయ్యింది మనది?"

"మనది కాదు. వాగు పక్కోళ్ళది తోలుతున్నాడు. వాళ్ళది ఇసక కలిసిన నేల, ముందు ఆరిపోద్ది. రేపటికైతే దాటిపోద్ది. మనదింకా ఒక్క రోజు ఆగుద్ది. మధ్యాన్నం నించి పైన అత్తోళ్ళ రెండెకరాలు, ఆమె రెండు రోజుల్నించి మన గడపలోనే కూసోనుంది. రేపు పొద్దున మనది."

"మన చేను ముందు అని కదా కాగితం మీద రాసుకున్నాం!" అన్నాను. గొంతు కొంచెం పెరిగినట్టుంది, మా టీములో ఒకరిద్దరు తలెత్తి చూశారు.

"రాసుకున్నాం లేరా, యాడికి పోద్ది. ఆవిడకి టీ పెట్టమని మీ అమ్మకి చెప్పా" అని, అడక్కుండానే, "మీటరు ఎనభై ఆరు గంటలా నాలుగు పాయింట్లు ఉంది, రాసుకో" అన్నాడు.